చెవి చిరిగిన పంది పంచనామా

జిల్లాల విభజన జరిగిన మరుసటి వానాకాలంలో నన్ను వర్ని దగ్గరి ఒక మండలానికి గిర్దావరుగా బదిలీ చేశారు. గిర్దావరు అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. మా పనిలో సగం పొలం గట్ల మీదే నడుస్తుంది. అడవి పందులు చెరకు తొక్కితే రైతు దరఖాస్తు పెడతాడు. గిర్దావరు మోకా మీదికి, అంటే నష్టం జరిగిన పొలానికే పోయి పంచనామా చేస్తాడు, అంటే సాక్షుల ముందు చూసింది చూసినట్టు రాసి సంతకాలు తీసుకుంటాడు. ఆ కాగితం పైకి పోతేనే రైతుకు పరిహారం.

ఆ మండలంలోని ఒక ఊళ్లో చంద్రమౌళి గారనే రచయిత ఉండేవారు. ఒకప్పుడు హైదరాబాదులో పేరున్న మనిషి. బహుమతి వచ్చిన ఆయన నవల ఒక మరాఠీ నవలకు మక్కీకి మక్కీ అని తేలింది. బహుమతి వెనక్కి తీసుకున్నారు, పత్రికలవాళ్లు మొహం చాటేశారు. డెబ్బై ఏళ్ల వయసులో ఎవరికీ తెలియని చోటు వెతుక్కుంటూ వచ్చి, చర్చి పక్కన ఎస్తేరవ్వ ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. నిజంగానే అక్కడ ఆయన ఎవరికీ తెలియదు. అదే ఆయనకు బాధైంది. ఆరు నెలలైనా గతం గురించి ఒక్కరూ అడగలేదు. చివరికి తాను బహిష్కృతుణ్ణని తానే చెప్పుకున్నారట.

"దానికి పింఛను వస్తదా సారూ?" అని అడిగింది ఎస్తేరవ్వ.

రాదనీ, తాను ఇంకొకరి పుస్తకం దొంగిలించాననీ ఆయన వివరించారు.

"ఒక్క బుక్కుకే ఊరిడిసొచ్చిండ్రా? తిరిగి ఇచ్చేస్తె అయిపోతుండె గద."

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. పొద్దుపోక ఆయన రైతులకు దరఖాస్తులు రాసిపెడుతున్న సంగతి కూడా అప్పటికి తెలియదు. ఒక సోమవారం టపాలో పదకొండు దరఖాస్తులు వచ్చాయి. అన్నిటిలో చేతిరాత ఒకటే, పందీ ఒకటే: "ఎడమ చెవి చిరిగి, పెళ్లికొడుకులా నిదానంగా నడిచివచ్చు వరాహము." అన్నిటి మీదా "ఒకదానికొకటి కాపీ, తిరస్కరించవచ్చు" అని నోటు రాసి, వాటిని రాసినాయన ఎవరో కనుక్కుని పిలిపించాను.

ఇస్త్రీ లాల్చీలో వచ్చారు. కాపీ అన్న మాట వినగానే కూర్చున్నారు, నీళ్లు తాగారు. నేనేమీ అడగకుండానే నవల సంగతి నిజమేననీ, ఈ పంది మాత్రం తన సొంతమనీ అన్నారు. పొలానికి వచ్చి, పందిని చూసి మాట్లాడమన్నారు.

మరునాడు పొద్దున ఇద్దరు సాక్షులను తీసుకుని, ఆయనతో కలిసి నర్సన్న అనే రైతు చెరకు దగ్గరికి పోయాం. కొలతలు తీస్తుండగా చెరకులోంచి పంది వచ్చింది. పెళ్లికొడుకులాగే నిదానంగా వచ్చింది, మమ్మల్ని చూశాక నిదానం మానేసింది. నేను టేపు వదిలేసి ట్రాక్టరు ట్రాలీ ఎక్కాను. సాక్షులు నాకంటే ముందే ఎక్కారు. చంద్రమౌళి గారొక్కరే కింద నిలబడి వేలు చూపిస్తున్నారు.

"చెవి చూడండి సార్. ఎడమ చెవి."

"చెవి తర్వాత సూస్తం గని, ముందు మీరు పైకెక్కుండ్రి సారూ" అంటూ నర్సన్న ఆయన్ను లాల్చీ పట్టి పైకి లాగాడు. లాల్చీ చిరిగింది. పంది చెవి కూడా చిరిగే ఉంది.

ట్రాలీ మీదే పంచనామా రాశాను. వర్ణన తన సొంతమని కూడా రాయమని ఆయన పట్టుబట్టారు. అలాంటి గడి ఏ ఫారంలోనూ లేదు. అయినా "వర్ణన ఎక్కడినుంచీ కాపీ చేసినది కాదని విచారణలో తేలినది" అని ఒక వాక్యం చేర్చాను. నా నోటు కొట్టేసుకున్నాను. మిగతా పది పొలాలూ చూసి వచ్చాక పదకొండు దరఖాస్తులూ మంజూరయ్యాయి. ఆయన రుసుము కట్టి ఆ పంచనామా నకలు తీసుకుని, ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. దాని మీద "అసలుకు సరియైన నకలు" అన్న ఆఫీసు ముద్ర ఉండేది.

ఆయన మరో మూడేళ్లు బతికారు. కాపీ అన్న మాట మళ్లీ పడకూడదని ఒకే పందిని పదిమందికి పది రకాలుగా వర్ణించేవారు. ఏ పంది ఏదో తేల్చలేక నాకు పని రెట్టింపయింది. ఆయన పోయిన రోజు హైదరాబాదు నుంచి ఎవరూ రాలేదు. ఊళ్లో ఆ పూట చెరకు కోతలు ఆపారు.

పదవీ విరమణ దాకా నేను ఒక నియమం పాటించాను. ఒకే చేతిరాతలో పది దరఖాస్తులు వస్తే, పొలం చూడకుండా నోటు రాయలేదు. అది మోసానికి రుజువు కాదు. ఊళ్లో రాసిపెట్టే మనిషి ఒక్కరే ఉన్నారని మాత్రమే దానికి అర్థం.