చప్పిడి నూడిల్స్

మా ఆయన ఆళ్లగడ్డలో దేవుడి బొమ్మలు చెక్కుతాడు. పోయిన ఎండాకాలం పని మీద ఉండగానే కుడిచెయ్యి తిమ్మిరెక్కి ఉలి జారి కాలి మీద పడింది. నంద్యాలలో డాక్టరమ్మ బీపీ చూసి, ఉప్పు తగ్గించకపోతే ఈసారి చెయ్యే పడిపోతుందని చెప్పింది. ఇంటికి బువ్వ తెచ్చేది ఆ చెయ్యే. నా మీద లేచేదీ అదే.

ఉప్పు తగ్గించి పప్పు చేసిన మొదటి రోజే గిన్నె గోడకు తగిలి సొట్టపోయింది. ఆయన బస్టాండు కాడ బండి మీద నూడిల్స్ తిని వచ్చాడు. ఇంక రోజూ అదే వరస. ఒకరోజు నేనే పోయి ఆ బండి పక్కన నిలబడి చూశాను. బండాయన ఉప్పు వేశాడు, తెల్లపొడి వేశాడు, పైన నల్ల సాసు గుమ్మరించాడు.

"సాసులో గూడా ఉప్పేనా అన్నా?"

"ఉప్పు గాక ఇంకేముంటాదమ్మా అండ్ల. ఏం, మొగుణ్ణి బతికించుకోవల్లనా, చంపుకోవల్లనా?" అని నవ్వాడు.

మరుసటి రోజు ఇంట్లో మొదలుపెట్టాను. అల్లం, తెల్లగడ్డలు రోట్లో వేసి కసి తీరా దంచాను. మిరియాలు, వేయించిన నువ్వులు పొడి కొట్టాను. ఇనుప బాండలి పొగలు కక్కేదాకా ఆగి, క్యాబేజీ, పచ్చిమిరపకాయలు, ఉడికిన నూడిల్స్ వేసి మంట మీదే ఎగరేశాను. సాసు నాలుగు చుక్కలు, దించేముందు కొంచెం వెనిగర్, పైన ఆ పొడులు. ఆ ఘాటుకు పక్కింటివాళ్లు తుమ్మారు.

మా వైపు ఉప్పులేని బువ్వ వడ్డించేది చావింట్లోనే. మా అత్త వేలితో రుచి చూసి గరిటెతో నా భుజం మీద ఒకటేసింది.

"బతికుండే నా కొడుక్కి చావుకూడు వండుతాండావేందే?"

జాడీలోంచి పిడికెడు ఉప్పు తీసి ప్లేట్లో పోసింది. నేను ప్లేటు లాగాను. ఆమె నా జుట్టు పట్టుకుంది. నూడిల్స్ ఇద్దరి చీరల మీదా పడ్డాయి.

అప్పుడే ఆయన వచ్చాడు. బాండలిలో మిగిలింది ఇంకో ప్లేట్లో పెట్టి ఇచ్చాను. ఒక ముద్ద తిన్నాడు.

"ఉప్పు యాడమ్మే?"

"ల్యా."

ప్లేటెత్తి నా మొహం మీదికి విసరబోయాడు. ఎత్తిన చోటే వేళ్లు విడిపోయాయి. ప్లేటు ఆయన ఒళ్లోనే బోర్లాపడింది.

"పిడికిలి ముయ్యి నాయనా," అంది అత్త. వేళ్లు కదలలేదు. "బిరీన జీపు పిలువ్వే," అని నన్ను తోసి, ఉప్పు జాడీని ఎత్తి వాకిట్లో బండకేసి కొట్టింది.

నంద్యాల ఆసుపత్రిలో సాయంత్రానికి వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి. మళ్లీ ఇలా వస్తే చెప్పలేనంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చిన రోజు మళ్లీ అదే వండాను. అత్త తనే రోటి ముందు కూర్చుని అల్లం దంచింది. ప్లేటు ఆయన ముందు పెట్టి చెప్పాను.

"ఈ చెయ్యి ఉలి పట్టుకునేదానికి. ఇంగొకసారి నా మీదికి లేసిందా, ఆ పొద్దు నీ ఇష్టమొచ్చినంత ఉప్పేసి వండుతా. తిందువు."

ఆయన తల్లి వైపు చూశాడు. ఆమె దంచడం ఆపలేదు, తల ఎత్తలేదు. ఆయన ప్లేటు దగ్గరికి లాక్కుని అడుగంటా తిన్నాడు.

"మిరియాలు ఇంగ రవ్వంత పడల్ల," అన్నాడు.