నిమిషంలో ఒప్పుకున్నాడు

మేం దోస్తులమంతా ఫోన్‌లో ఫుట్‌బాల్ లీగ్ ఆడతాం. నిజం ఆటగాళ్లనే ఎంచుకుంటాం, వాళ్లు మైదానంలో బాగా ఆడితే మనకు పాయింట్లు; ఎంచుకున్నవాళ్లు ఏళ్ల తరబడి మన జట్టులోనే ఉంటారు. కావాలంటే ఒకరితో ఒకరం మార్చుకోవచ్చు. బోధన్ దోస్తు దగ్గరున్న, గోల్స్ కొట్టే స్ట్రైకర్ కోసం నా కుర్ర డిఫెండర్‌ని ఇవ్వాలా వద్దా అని వారం రోజులు కొట్టుమిట్టాడి, పొద్దున చాయ్ తాగుతూ అడిగేశాను. నిమిషంలో ఒప్పుకున్నాడు. ఇక నాకు కాలు ఒకచోట నిలవలేదు. వాడికంత తొందరెందుకు? స్ట్రైకర్ మోకాలు గాని పోయిందా? వార్తలన్నీ గాలించినా ఏమీ దొరకలేదు.

"ఇయ్యనంటే ఏడుస్తవ్, ఇస్తే ఏడుస్తవ్" అని బాపు నవ్వాడు.

మధ్యాహ్నం మేం పండించిన పసుపు కొనడానికి వ్యాపారి నందిపేట్‌లోని మా ఇంటికే వచ్చాడు. ఒక కొమ్ము విరిచి చూసి, బాపు చెప్పిన ధరకు బేరమాడకుండా సరేనన్నాడు. అతను వెళ్లాక బాపు వాకిట్లో చాలాసేపు తిరిగి, నా పక్కనొచ్చి కూర్చున్నాడు.

"గింత జల్ది ఎట్ల ఒప్పుకున్నడు బిడ్డా?"