చక్రం కింద పెట్టని నిమ్మకాయలు

మా ఇంట్లో కొత్త బండి కొన్నా, పాత బండికి పెద్ద రిపేరు చేయించినా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాకే రోడ్డెక్కిస్తాం. వడమాలపేటలో మామిడికాయలు మోసే మా టెంపోకూ అంతే. ఆ టెంపో మీదే నా కూతురి బిడ్డ బండి నేర్చుకుంది. ఇప్పుడు చెన్నై వైపు ట్రాక్‌లో రేసు కారు తోలుతుంది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. రేసుల సంగతి నాకు తెలిసిందంతా ఆ పిల్ల చెప్పిందే.

ఒక జట్టుకు రెండు కార్లు, ఇద్దరు డ్రైవర్లు. మొదటివాడు కోయంబత్తూరు అబ్బాయి, గట్టివాడు. మా పిల్ల రెండోది. కొత్త టైర్లు వాడికి. వాడు ఒక రేసు తోలి విప్పినవి మా పిల్లకు. వాడిని దాటొద్దని రేసు మధ్యలో హెల్మెట్‌లోకి చెబుతారు. వెనక నుంచి వచ్చేవాళ్లను మాత్రం ఆపాలి. అంటే కాపలా. ఇది విన్నప్పుడు నాకు వింతగా అనిపించలేదు. నేనూ ఈ ఇంటికి రెండో కోడలిగా వచ్చినదాన్నే. గరిటె మా తోడికోడలిది, పొయ్యి ఊదడం నాది. పులుసు బాగుందంటే ఆమెనే అనేవాళ్లు.

ఈ ఏడాది ఆఖరి రేసులకు పిల్ల నన్నూ తీసుకుపోయింది. బయలుదేరే ముందు రోజు, జట్టు ఓనరు తన చోటికి ఇంకెవరినో చూస్తున్నాడనీ, వచ్చే ఏడాదికి తన సీటు ఉండేది అనుమానమనీ చెప్పింది. ఏడవలేదు. నేను అట్లా పెంచలేదు. టెంపో అద్దం తుడుస్తూ చెప్పింది, అంతే.

షెడ్డులో ఎడమ వైపుది తన కారని ముందే చెప్పి ఉంది. రెండూ ఒకే రంగు. పొద్దున మెకానిక్‌లు టీకి పోయిన సమయం చూసి, నేను వెనక తలుపు గుండా లోపలికి పోయాను. ఎడమ వైపు కారు ముందు చక్రాలకు చెరో నిమ్మకాయ ఆనించి, దండం పెట్టుకుని వచ్చేశాను. వెనక నుంచి పోతే ఎడమ కుడి అవుతుందని నా బుర్రకు తట్టలేదు. కార్లు కదిలినప్పుడు చూస్తే, నిమ్మకాయలు తొక్కుకుంటూ పోయింది ఆ అబ్బాయి కారు.

ఆ రేసు వాడే గెలిచాడు. ఈ ఏడాది కప్పు కూడా దాంతోనే వాడికి ఖాయమైంది. మా పిల్ల వాడి వెనకాలే వచ్చింది. ఒక మలుపులో దాటేదే, వద్దని మాట రావడంతో కాలు వదులు చేసింది. షెడ్డులో నలిగిన తొక్కలు చూసి మెకానిక్‌లు సంగతి చెప్పారేమో, ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. మంచి పిల్లవాడే. మధ్యాహ్నం ఆఖరి రేసుకు కూడా రెండు పెట్టండి పాట్టీ, అన్నాడు అరవంలో. పాట్టీ అంటే అవ్వ.

“కొత్త టైర్లు ఆయప్పకే. దాటొద్దనే మాటా ఆయప్ప కోసమే. ఆకరికి మా యవ్వ నిమ్మకాయలు గూడా ఆయప్పకే పాయె” అని ఆ అబ్బాయిని చూపిస్తూ మా పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను పుట్టింది సత్యవేడు పక్కన, అరవం బాగానే వస్తుంది. నేరుగా ఓనరు దగ్గరికి పోయి, నా మనవరాలు ఏం చేస్తే సీటు ఉంటుందని అడిగాను. ఏడాదిలో ఒక్కసారైనా ఆ అబ్బాయికంటే ముందు వచ్చి ఉండాల్సింది అన్నాడు. దాటొద్దని మీరే చెబుతుంటే ఎట్లా వస్తుంది అన్నాను. పక్కనున్నవాళ్లు తలలు వంచుకున్నారు. ఆయన, సరే, కప్పు వచ్చేసింది కాబట్టి మధ్యాహ్నం ఏమీ చెప్పను, ముందు వస్తే సీటు తనదే అన్నాడు. రాదన్న ధీమా ఆ మాటలో ఉంది. ఉండనీ.

పిల్లకు చెప్పాను. తన టైర్ల వైపు చూసింది. “ఇవి ఆయప్ప తోలి అరగదీసినవి అవ్వా. ఆయప్పకు మళ్లీ కొత్తవి ఎక్కిస్తా ఉండారు.”

“అరిగిన చీపురుతో ఊడ్సాలంటే ఇంకొంచెం వంగాల మే. ఇల్లు మాత్రం శుబ్రంగానే ఉంటాది.”

సంచిలో ఇంకా రెండు నిమ్మకాయలున్నాయి. ఈసారి సరైన కారు ఏదో నాకు తెలుసు. కానీ పిల్ల ముఖం ఎండకు పీక్కుపోయింది, పెదాలు పగిలాయి. రెండూ కోసి, ఉప్పు వేసి, నీళ్లలో పిండాను.

“సక్రానికి పెట్టవా?” అంది.

“సక్రానికి దప్పికైతాదా? నువ్వు తాగు.”

గోడ దగ్గర నిలబడితే నాకు కనిపించేది ఆఖరి మలుపూ, దాని తర్వాతి తిన్నని దారీ. వేరే జట్టు కారు ఒకటి మొదట్లోనే అందనంత ముందుకు పోయింది. దాని వెనక ఆ అబ్బాయి, చాలా ఎడంలో మా పిల్ల. ఇంత మెల్లగా పోతే ఎట్లా అని పక్కనున్న మెకానిక్ తల కొట్టుకున్నాడు. మిగతా కార్లు మలుపులో కీచుమంటున్నాయి. తనది అరుపు లేకుండా తిరుగుతోంది. వంగి ఊడుస్తోందిలే అనుకున్నాను.

పోను పోను, కొత్త టైర్లు కూడా అరిగిపోయి, ఆ అబ్బాయి కారు మలుపులో తోక ఊపడం మొదలుపెట్టింది. చుట్టు చుట్టుకూ ఎడం తగ్గింది. చివరి చుట్టులో ఇద్దరూ పక్కపక్కనే మలుపులోకి వచ్చారు. వాడు దారి ఇవ్వలేదు, ఇవ్వాల్సిన పనీ లేదు. మా పిల్ల ఈసారి కాలు తీయలేదు. మలుపులోంచి బయటపడేసరికి తన కారు ముక్కు ముందుంది. గీత దాటేటప్పుడూ ముందే ఉంది. గెలిచింది వేరే జట్టువాడే. మాకు కావాల్సింది అది కాదు.

నేను పోయి ఓనరు ఎదురుగా నిలబడ్డాను. ఆయన తల ఊపాడు. మాట మాటే పాట్టీ, వచ్చే ఏడాది రమ్మనండి అన్నాడు.

మా పిల్ల హెల్మెట్ తీసి, జుట్టంతా చెమటతో, ఆయనకు చెప్పబోయింది. పాత టైర్లే ఇచ్చినా వస్తానని.

నేను మధ్యలోనే ఆపాను. చీర చిరిగితే పారేయకుండా మసిగుడ్డ చేసి, అదీ చిరిగితే ఒత్తులు చేసే మనిషిని నేను.

“అట్ల సెప్పొద్దు మే” అన్నాను. “కొత్తవే అడుగు.”