చింతగింజంత ఐసు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి వేసవి. నంద్యాలలో కొన్న ఐసుగడ్డను మూతగిన్నెలో పెట్టి, గిన్నెకు గోనెపట్టా చుట్టి, ఆళ్లగడ్డ బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంట్లో పాపకు మూడు రోజులుగా జ్వరం దిగలేదు. తలకు ఐసు పెట్టమని డాక్టరు చెప్పాడు.

సగం దారైనా కాకముందే మూత తీసి చూస్తే, గడ్డ సగానికి సగం కరిగిపోయింది. ఆ నీళ్లే మిగతా గడ్డను తినేస్తున్నాయనుకుని, కిటికీలోంచి పారబోయడానికి గిన్నె ఎత్తాను. పక్క వరసలో కూర్చున్న నడివయసు మనిషి గిన్నెకు అడ్డంగా అరచెయ్యి పెట్టాడు.

“పారబోస్తాండావేందమ్మా?”

“అంతా నీళ్లైపోతాండాది గదన్నా. ఇంగ ఇవేం పనికొస్తాయి?”

“నేను ఐసు ఫ్యాక్టరీలో పనిజేస్తాండాలే. ఒక వేలు గడ్డమీద పెట్టు, ఇంగో వేలు నీళ్లల్లో పెట్టు. ఏది సల్లగుండాది?”

పెట్టాను. రెండు వేళ్లూ ఒకేలా జివ్వుమన్నాయి.

“సూసినావా? లోపల ముక్క మిగిలినంతసేపు ఆ నీళ్లు వెచ్చబడవు. వచ్చే వేడంతా ముక్కను కరిగించేదానికే సరిపోతాది. మూతెయ్యి. ఊరికూరికే తియ్యాకు.”

శిరివెళ్లలో ఆయన దిగిపోయాడు. పేరైనా అడగలేదు నేను.

ఇల్లు చేరి మూత తీస్తే, చింతగింజంత ముక్క ఇంకా తేలుతోంది. ఆ నీళ్లలో గుడ్డ ముంచి నుదుటిమీద వేశాను. వేసిన గుడ్డ తీసి మళ్లీ మళ్లీ ముంచాను. సాయంత్రానికి పాప కళ్లు తెరిచి, “సల్లగుందిమా” అంది.

ఆ ముక్క ఎప్పుడు కరిగిపోయిందో నేను చూడనేలేదు.