సారు రాసిన నా చావు కబురు

మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే తమ్ముళ్లూ, మీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? రంగు అద్దే ముందు నూలుకు చిటికి ముళ్లు కట్టే కోడళ్లకు కండ్లు మండడం తగ్గిందా? పక్కింటి వదినకు దమ్ము ఎలా ఉంది? ఉర్దూ సారు దగ్గర చదువుకుని పట్నంలో ఉన్నవాళ్లు షుగరు చూపించుకుంటున్నారా? అందరూ బాగున్నారని వింటే తప్ప ఈ మధ్య నాకు ముద్ద దిగడం లేదు. పోయిన నెల ఫోన్ వచ్చింది. మా ఉర్దూ సారు పోయారట.

నా కొడుకు చెప్పాడు. "అమ్మా, సారు పోయిండంట."

"కాకి తన్నిందేమో, మళ్ల ఫోన్ చేసి అడుగు" అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు.

కాకి తల మీద తంతే చావొస్తుందని మా ఇళ్లలో భయం. అందుకే మనిషి బతికుండగానే పోయిందని చుట్టాలకు కబురు పంపుతారు. వాళ్లు నిజమనుకుని ఏడ్చుకుంటూ వస్తారు. ఆ ఏడుపుతో గండం పోతుంది. వచ్చినవాళ్లు మనిషిని చూసి, నాలుగు తిట్లు తిట్టి, అన్నం తిని పోతారు.

నా చిన్నప్పుడు సారు పోచంపల్లిలో మా ముందరి గదిలో కిరాయికి ఉండేవారు. ఉర్దూలో కథలు రాసేవారు. రాసినదాన్ని మగ్గం పక్కన కూర్చుని మాకు తెలుగులో చెప్పేవారు. నేస్తున్న బాపు చేతిలో నూలు అటూ ఇటూ తోసే నాడె ఆగితే ఆ మాట ఉంచేవారు, ఆగకపోతే కొట్టేసేవారు. "మీ బాపు నోటితోని మంచిగున్నదనే అంటడు. నేను చెయ్యినే నమ్ముత" అనేవారు.

రజాకార్ల గోల అయిపోయి యూనియన్ మిలిట్రీ వచ్చిన వారంలోనే నన్ను కాకి తన్నింది. బాటలన్నీ బందు. హుజూర్‌నగర్‌లో ఉన్న చుట్టాలకు కబురు పట్టుకుపోయే మనిషి లేడు. నన్ను కన్న అవ్వ తల పట్టుకుంది. ముసల్మాన్లను వెతికి చంపుతున్నారని ఆ వారం సారునూ బాపు గడప దాటనివ్వలేదు. ఎవరైనా వచ్చి అడిగితే "మా బామ్మర్ది" అనేవాడు.

మర్నాడు సారు మగ్గం దగ్గర ఒక కథ చెప్పారు. అందులో ఒక పిల్ల నూలు తేవడానికి పోయి తుపాకీ దెబ్బకు బాటలోనే పడిపోయింది. ఆ పిల్లకు నా పట్టగొలుసులే ఉన్నాయి, నాలాగే ముందరి పన్ను లేదు. నాడె ఆగింది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను దర్వాజ దగ్గర నిలబడి, నేను ఉన్నానో పోయానో తెలియక కాళ్లు చూసుకున్నాను.

అవ్వ తేరుకుని, "బతికున్న పిల్లను చంపుతవా సారూ, నీ నోట్ల మన్నువడ" అంది.

"ఏడ్చినవా లేదా?"

"ఏడ్చిన."

"గండం పోయింది. ఇగ అన్నం పెట్టు."

తర్వాత ఆ కథ అచ్చయింది, హిందీలోకీ పోయిందట. ఒకసారి చదువుకున్నవాళ్లు వచ్చి ఆ పిల్ల సమాధి ఎక్కడని నన్నే అడిగారు. వాళ్లకు చాయ్ పోశాను. సారు ఇల్లు మారినాక ఒక పండుగకు వాళ్లింటికి పోయి, "నాకోసం రాసినవా సారూ, కథ కోసం రాసినవా?" అని అడిగాను.

"నీకోసమే రాసిన బిడ్డా. కథ కుదిరింది, అది నా తప్పు గాదు" అని నవ్వారు.

నిజమో కాదో ఇప్పటికీ తెలియదు. ఆ వారం గండం అసలు నాకో, సారుకో కూడా తెలియదు. అప్పుడు సారు కోసం ఎవరూ దొంగ కబురు పంపలేదు కదా. ఇప్పుడు వచ్చిన కబురు అబద్ధమైతే నేను ఏడవాలి, అప్పుడే గండం పోతుంది. నిజమైనా ఏడవాలి. అయినా కన్నీళ్లు రావడం లేదు. బీపీ ఎక్కువై సారుకు మట్టి ఇవ్వడానికీ పోలేకపోయాను.

నిన్న సారు బిడ్డ ఫోన్ చేసింది. "నిజమేనా చెల్లె?" అన్నాను.

"ఏం చెప్పాలక్కా, అబ్బాజాన్ కూసునే కుర్చీ గట్లనే ఉన్నది. నలభయ్యో దినం శుక్రవారం పడ్డది, రా. అన్నం తిని పోదువు."

అన్నం తిని పొమ్మంది. మళ్లీ అనుమానమొచ్చింది. నేను పోయేసరికి సారు ఆ కుర్చీలో కూర్చుని "ఏడ్చినవా లేదా?" అంటే ఏమని చెప్పాలి? శుక్రవారం పొద్దున మొదటి బస్సుకే పోతున్నాను.