చెల్లికి నేను పంపిన మాత్రలు

మొన్న మా కోడలు కళ్ళ కింద ముడతలకి ఏదో క్రీము రాసుకుంటూ, ఇది విటమిన్ ఏ నుంచి చేస్తారట అత్తయ్యా, మీరూ రాసుకోండి అని నా చేతికిచ్చింది. ఈ వయసులో నాకెందుకులే అని మూత బిగించి తిరిగి ఇచ్చేశాను.

తొంభైల్లో నేను అనంతగిరి కొండల్లో నర్సుని. కాఫీ తోటల మధ్య ఊరూరికీ నడిచి, రేచీకటి రాకుండా పసిపిల్లల నోట్లో విటమిన్ ఏ మందు చెంచాతో పోసేదాన్ని. ఆ పేరు వింటే మంచి తప్ప మరో తలపు వచ్చేది కాదు మా తరం వాళ్ళకి, మీకూ గుర్తుండే ఉంటుంది.

మా చెల్లి మిషన్ బడిలో పంతులమ్మ. దాని ముఖం నిండా చీము మొటిమలు. చూడవచ్చిన వాళ్ళు ఆ ముఖం చూసి, మళ్ళీ కబురు చెయ్యకుండా ఊరుకునేవారు. నల్లబల్ల వైపు తిరిగినంతసేపే తనకి హాయిగా ఉంటుందని ఒకసారి నాతో అంది. కొన్నేళ్ళకి విశాఖపట్నంలో చర్మవైద్యుడి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన విటమిన్ ఏ నుంచి తయారైన మాత్రలు రాసి, ఇవి వాడినన్నాళ్ళూ, మానేశాక నెల వరకూ కడుపు రాకూడదు, బిడ్డకి ప్రమాదం అని గట్టిగానే చెప్పాడు. పెళ్ళికాని పిల్ల కదా అని తలూపి వచ్చేశాం. పెదవులు పగిలి నెత్తురు కారినా, జుట్టు కాస్త ఊడినా ఓర్చుకుంది; ఆర్నెల్లకి ముఖం నున్నబడింది. తర్వాత బొర్రా దగ్గర రైల్వేలో పనిచేసే అబ్బాయితో పెళ్ళయింది.

ఏడాది తిరక్కుండానే మళ్ళీ నాలుగు మొటిమలు లేచాయి. ఫోను చేసి, "అక్కా, ఆ మాత్తర్లే బేగి అంపు, మా అత్త 'ఏటే ఈ మొకం' అంతంది" అని బతిమాలింది. పాత చీటీ చూపించి మందుల షాపులో కొని, బస్సు కండక్టరు చేత పంపాను. డాక్టరు మాట అప్పుడు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. విటమినే కదా, నాలుగు రోజులేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అప్పటికే నెల తప్పిందని దానికీ తెలియదు, నాకూ తెలియదు.

కాఫీ పూత తెల్లగా విచ్చుకున్న రోజుల్లో ఆడపిల్ల పుట్టింది. చెవులుండాల్సిన చోట చిన్న చర్మపు మడతలు; గుండెలోనూ లోపమన్నారు. తొమ్మిది రోజులు బతికింది. ఎన్ని వందల మంది పసివాళ్ళని ఎత్తుకున్న చేతులో, ఆ పిల్లని ఎత్తుకోవడానికి మాత్రం ముందుకు రాలేదు. చర్చి వెనక పూడ్చి వచ్చాక, చెల్లి నన్ను తిట్టలేదు, ఏడవలేదు. "నువ్వు నర్సువి కదక్కా" అంది, అంతే. మళ్ళీ పిల్లలు వద్దనుకుంది.

ఇప్పుడు అలాంటి మాత్రల అట్టమీద గర్భిణులు వాడరాదని ఎర్రగా రాసి ఉంటుంది, కొండమీది ఆడగుంటలు కూడా అడిగి తెలుసుకుని గానీ మందు మింగరు. మంచిదే. ఆ రోజుల్లో చెల్లిని చూడాలంటే రైలు కోసం పూటంతా కాచుకునేదాన్ని, ఇప్పుడు కారులో గంట. వెళ్తే తలుపు తీస్తుంది, టీ ఇస్తుంది, కూర్చోమంటుంది. ఏం మాట్లాడుకోవాలో మాత్రం మా ఇద్దరికీ తెలియదు.