క్యాప్ లైటు వంచమన్న మా బాపు

నేను ఏడో తరగతిలో బడి మానేసినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది మా సార్లే. అలాంటివాణ్ణి మా బాపు మాటల్లో సాహిత్యం వెతికానంటే నవ్వకండి.

బాపంటే మా నాయన, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఒకరోజు గోదావరిఖని కూరగాయల మార్కెట్ నుంచి నాతో వస్తూ మూడుచోట్ల ఆగాడు.

"ఏంది బాపు, పల్లెబస్సు లెక్క అడుగడుగుకు ఆగుతున్నవ్?" అన్నాను. నవ్వబోయి దగ్గాడు. రుమాలులో రక్తం.

ఎక్స్‌రే, సీటీ స్కాన్, బయాప్సీ అయ్యాయి. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "లంగ్ కేన్సర్, ఫోర్త్ స్టేజ్. కీమోతో నయం కాదు, కొంత టైం దొరుకుతుంది." బాపుతో, నన్ను కన్న అవ్వతో మాత్రం నిమ్ము చేరిందన్నాను.

రెండో కీమోకే ప్లేట్‌లెట్స్ పడిపోయి ఆపేశారు. ఇంటికి ఆక్సిజన్ మిషన్ వచ్చింది. మంచంలో పడుకుని బాపు ఎప్పుడూ బాయి ముచ్చట్లే చెప్పేవాడు.

డిగ్రీలో తెలుగు చదివే నా బిడ్డ, "డాడీ, కథల మళ్ల మళ్ల వచ్చేదాన్ని పట్టుకుంటే ఇతివృత్తం దొరుకుతది. తాత మాటలల్ల ఏమొస్తదో చూడు" అంది. ఆ సంగతేందో చూడాలనిపించింది. స్కాన్ కవరు వెనక బాపు మాటలు రాసుకున్నాను. బాయిల పైకప్పు గట్టిగుందో లేదో కర్రతోని కొట్టి చూడందే ఎవర్నీ కింద కూసోనియ్యకు. సద్ది విప్పేముందు పక్కోడు తెచ్చుకున్నడో లేదో చూడు. మాట్లాడేటప్పుడు తల వంచు, టోపీ మీది క్యాప్ లైటు ఎదుటోడి కండ్లల్ల కొట్టద్దు. ధైర్యం గురించి ఉంటుందనుకున్నాను. ఎటు తిప్పినా పక్క మనిషే వస్తున్నాడు!

అదే బాపుకు చెప్పాను. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"నీ పక్కన నేనున్న గద. నాకేమైందో ఎందుకు చెప్తలేవు?"

"లైటు కండ్లల్ల కొట్టద్దంటివి గద బాపు."

"కొట్టద్దన్న గని ఆర్పుమన్ననా? వంచి చూపియ్యి."

ఉన్నదున్నట్టు మెల్లగా చెప్పాను. విని, "గోలేటిల ఉండే నా చెల్లెతోని ఇన్నేండ్ల సంది మాటల్లేవు. జల్ది పిలువు" అన్నాడు.

అత్త వచ్చింది. మొదటిరోజు కొట్లాడుకున్నారు, రెండోరోజు ఒకే గ్లాసులో చాయ్ పంచుకున్నారు. మూడు వారాలకు బాపు పోయాడు.

ఇప్పుడు నేను నడిపే ఆటోలో దవాఖానకు వెళ్లేవాళ్లకు ఒకటే చెప్తున్నాను: పేషెంటుకు ఏం చెప్పాలో మీలో మీరే తేల్చుకోకండి. ఎంతవరకు తెలుసుకోవాలనుందో ముందు ఆ మనిషినే అడగండి.

ఇది రాసి మా అవ్వకు చదివి వినిపించాను. చివరిదాకా విని అంది:

"లోకానికంత అడగమని చెప్తున్నవ్. నలభై ఐదేండ్లు ఆయన పక్కనున్న మనిషిని నేను. నన్నొక్కసారన్న అడిగినవా కొడుకా?"